సముద్రానికి ఆరు కిలోమీటర్ల ఇవతల

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో మనిషికి రెండు జబ్బులుంటాయి. ఇంట్లోవాళ్లకు ఏది మంచిదో తనకొక్కడికే తెలుసనుకోవడం ఒకటి, దాన్ని కాగితం మీద రాసి గోడకు అతికించడం రెండోది. నాకు రెండూ బాగా ముదిరి ఉండేవి. నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం దొరికి మూడు నెలలయింది. (కూర్చోవడమే ఉద్యోగం. దాని మీద చేసే పనంటూ పెద్దగా ఉండేది కాదు.) ఆ తీరికలోనే మా అవ్వకు సముద్రం చూపించాలని నిర్ణయించుకున్నాను. నేను అనుకున్నది ఏదీ అనుకున్నట్టు జరగదన్న సంగతి అప్పటికింకా తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి ఏదీ అనుకోవడం లేదు. ఆ చదువుకు అక్షరాభ్యాసం జరిగింది ఆ ప్రయాణంలోనే.

మాది చండూరు దగ్గర నేతపనివాళ్ల ఊరు. బాపు మగ్గం నేసేవాడు, అమ్మ దారాన్ని కండెలకు చుట్టేది, బాపు వాళ్లమ్మ, అంటే మా అవ్వ, ఆసు పోసేది. మా చీరల మీద పువ్వులు అచ్చు వేస్తే వచ్చేవి కావు. నేయకముందే దారానికి ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. అలా సిద్ధమైన దారాన్ని నేస్తే పువ్వు దానంతటదే తేలుతుంది. ఆ ముడులు కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ, లెక్క తప్పకుండా, అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. అదే ఆసు పోయడం. అవ్వ ఆ పని నలభై ఏళ్లు చేసింది. ఒకప్పుడు ఊరివాళ్లంతా బస్సు మాట్లాడుకుని సముద్రస్నానానికి పోతుంటే అవ్వ కూడా పేరు రాయించుకుందట గాని, పెళ్లిచీరల పని మీద పడి ఆగిపోయింది. అప్పటినుంచి టీవీలో సముద్రం కనబడితే చాలు, చేతిలో పని ఆపేసి చూసేది. "గంత నీళ్లకు అవుతలి ఒడ్డే లేదా కొడకా?" అని నన్నడిగేది. ఈలోగా మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో ఏడాది పోతే ఆమెను కారెక్కించడం కూడా కష్టమేనని దవాఖానలో చెప్పేశారు. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదని నాకు స్పష్టంగా అర్థమైంది.

అందుకని ఆఫీసు కంప్యూటరులో ఒక టైంటేబులు తయారుచేశాను. తెల్లవారుజామున నాలుగుకు బయలుదేరుట. ఆరుంబావుకు వాడపల్లి, నదీస్నానం, దర్శనం, నలభై నిమిషాలు. పదకొండున్నరకు చీరాల సముద్రం. దాని కింద 'అవ్వ సంతోషించుట, మూడు గంటలు' అని కూడా ఒక వరుస ఉండేది. (నవ్వకండి, అప్పుడు నాకది చాలా సహజంగా అనిపించింది.) కారు కిరాయికి మాట్లాడాను. మర్నాడు పొద్దున్నే పెళ్లివాళ్లకు దాన్ని అప్పజెప్పాలని డ్రైవరు ముందే చెప్పాడు. అతన్ని మా ఊళ్లో 'నలభై' అని పిలిచేవారు. వయసును బట్టి కాదు, ఎంత ఖాళీ రోడ్డయినా నలభై దాటి తోలడు కనుక. ఈ సంగతి నాకు కారెక్కాక తెలిసింది.

వాడపల్లిలో దర్శనం బాగానే జరిగింది. మోకాళ్ల నొప్పితో అవ్వ రేవులోకి దిగలేకపోతే అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన చల్లింది. వంతెన అవతల మాత్రం పర్మిటు కోసం బండ్లు బారులు తీరి ఉన్నాయి. "మొన్నటిదాంక ఒక్కటే రాష్ట్రమాయె. గీ నది దాటుడుకు గూడ కాయితం గావాల్నా?" అంది అవ్వ. "మనమే కొట్లాడి తెచ్చుకుంటిమి గద అవ్వా," అన్నాడు నలభై. "తెచ్చుకున్నది మంచిదే. జర జల్ది కానియ్యి మరి," అంది అవ్వ. ఆ వరుసలోనే నా టైంటేబులు ముప్పావుగంట వెనకబడింది. పిడుగురాళ్ల వచ్చేసరికి అమ్మ పులిహోర డబ్బా తీసింది, నరసరావుపేట వచ్చేసరికి ఆ పులిహోర నేను రోడ్డు పక్కన కక్కేశాను. అయినా ధైర్యం చెడలేదు. చీరాల ఊరు దాటి సముద్రం రోడ్డెక్కేసరికి పన్నెండున్నర. దారి పక్క రాతి మీద ఆరు కిలోమీటర్లని రాసి ఉంది. అవ్వ అప్పటికే కొంగు సర్దుకుని, ముఖం తుడుచుకుని, చుట్టాలింటికి పోతున్నదానిలా నిటారుగా కూర్చుంది. ఈ రోజు కోసమని పెట్టె అడుగునుంచి తీసిన చీర కట్టుకుంది. ఆసు తనదే, ముడులు కట్టి నేసింది మా తాత. నలభై ఏళ్లనాటి చీర.

సరిగ్గా అప్పుడు ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. తెల్లవారినప్పటినుంచి నోరు విప్పని మా బాపు, "ఆపు," అన్నాడు. నలభై ఆపేశాడు. (నలభైలో పోయే బండి ఆగడానికి ఎంతసేపు.) "బాపూ, సముద్రం గిక్కడనే ఉన్నది," అన్నాను. "ఏం నేస్తున్నరో జూసి వస్త. అయిదు నిమిషాలు," అన్నాడు బాపు. ఒక నేతగాడు ఇంకో నేతగాడి మగ్గం చూడ్డానికి లోపలికి పోయి అయిదు నిమిషాల్లో బయటికి వచ్చిన దాఖలా లోకంలో ఎక్కడా లేదు. నేతగాడి ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలిసుండాలి. పెద్దమనసు చేసుకుని పదిహేను నిమిషాలు మంజూరు చేశాను. బాపు వెనక అమ్మ, అమ్మ భుజం పట్టుకుని అవ్వ, అందరూ దిగారు.

మగ్గం మీదున్నాయన మంచి మనిషి. కుర్చీలు వేయించాడు, ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. పట్టు అంచును నూలు చీరకు ఎలా కలిపి నేస్తారో బాపుకు ఓపిగ్గా చూపించాడు. అంతా బాగానే ఉండేది, అవ్వను పలకరించాలన్న మర్యాద ఆయనకు పుట్టకపోతే. చీరకేసి చూసి, "బాగుందండి మామ్మగారూ. ఈ మధ్య ప్రింటులో ఇవి చాలా బాగా దింపుతున్నారు," అన్నాడు.

మా బాపు చేతిలో నీళ్లగ్లాసు ఆగిపోయింది. అమ్మ నేలచూపులు చూసింది. అవ్వ మాత్రం తొణకలేదు. "ఏందన్నవు నాయినా, ఇంకోపాలి అను," అంది. పాపం ఆయన మళ్లీ అన్నాడు. బాపు ముడులూ రంగులూ అన్నీ చెప్పుకొచ్చాడు. ఆయన వినయంగా విని, "షాపులవాళ్లు కూడా అలాగే చెబుతారండి," అన్నాడు. అప్పుడు అవ్వ కొంగు చివర ఒక పోగు పట్టి లాగి ఆయన చేతికిచ్చింది. పోగు మీద కాస్త ఎరుపు, కాస్త తెలుపు, కాస్త నలుపు. "ప్రింటు చీరలో పోగు లాగినా రంగులు ఇలాగే ఉంటాయండి," అన్నాడాయన. వట్టి మొండితనం కాదది. ఆయన నమ్మడం లేదు, నమ్మనిదాన్ని మర్యాద కోసం ఒప్పుకునే రకం కాడు. దురదృష్టవశాత్తూ మా అవ్వదీ అదే రకం. "మా మావయ్యకి ఈ పని బాగా తెలుసండి. ఆయన చూసి అవునంటే మీ కాళ్లకి దండం పెడతాను. వేటపాలెంలో బారసాలకి వెళ్లాడు, రెండింటికల్లా వచ్చేస్తాడు," అన్నాడు చివరికి. అవ్వ కుర్చీలో వెనక్కి జారి కూర్చుని, "రానియ్యి," అంది.

రెండయింది. రెండున్నరయింది. ఆ ఇంటావిడ వద్దంటున్నా వినకుండా వంట చేసి అందరికీ పెట్టింది. (చింతచిగురు పప్పు. దాని రుచి నాకు తెలియలేదు, అప్పుడు నాకు ఏ రుచీ తెలిసే స్థితి లేదు.) అమ్మ ఆమెతో కలిసి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. బాపు ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, వాళ్ల చీర ఒక బెత్తెడు నేసిపెట్టాడు. నలభై కారులో గుర్రు పెడుతున్నాడు. నేను వీధిలో నిలబడి, సముద్రం నుంచి తిరిగొస్తున్న కార్లను చూస్తున్నాను. వాటిలో పిల్లలు తడిజుట్టుతో, చేతుల్లో గవ్వలతో కనిపిస్తున్నారు. లోకంలో అందరికీ సముద్రం ఉంది, మాకు తప్ప. మూడున్నరకు లోపలికి పోయి అవ్వ ముందు గొంతుక్కూర్చుని నిజంగానే బతిమాలాను. "అవ్వా, ఆయన ప్రింటంటే ఏంబోయింది. మనకు ఎరుకనే గదా. పోదాం పా, సముద్రం సూడాల్నని ఎన్నేండ్ల సంది అంటున్నవు." అవ్వ నా తల మీద చెయ్యి వేసింది. "సముద్రం యాడికి పోతది బిడ్డా, రేపు గూడ ఉంటది. గీ మాట ఇయ్యాలనే తేలాలె," అంది. రేపు ఉండేది సముద్రమే, నీ మోకాళ్లు కావు అని అందామనుకున్నాను. అనలేకపోయాను. ఏడుపు వచ్చిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను. అప్పుడు మాత్రం చింతచిగురు పప్పులో కారం ఎక్కువైందని చెప్పాను.

మావయ్యగారు ఆరు కావస్తుండగా వచ్చారు. బారసాలలో పేకాట మొదలైందట. విషయం చెబితే అరుగు మీద వెలుతురులో కూర్చుని, జేబులోంచి చిన్న భూతద్దం తీసి, అవ్వ కొంగు పట్టుకున్నారు. అప్పటికి ఆ వీధి వీధంతా అక్కడే ఉంది. చాలాసేపు చూశారు. "ప్రింటైతే పోగు మీద పోగు దాటినచోట కింద తెల్లచుక్క ఉండిపోతుందిరా. ఇక్కడ లేదు. రంగు దారంలోనే ఉంది," అన్నారు. మగ్గమాయన ముఖం తెల్లబోయింది. మాట తప్పకుండా లేచి వచ్చి వంగబోతే అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. మావయ్యగారు ఇంకా అద్దం తీయలేదు. వేలితో ఒక పువ్వు చూపిస్తూ, "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇక్కడ మీ లెక్క తప్పింది. ఒక చుట్టు ఎక్కువ పడింది, అందుకని ఈ వరుస జరిగింది. మిషను తప్పు చేస్తే ప్రతి పువ్వులోనూ ఒకే తప్పు చేస్తుంది. ఇలా ఒక్కచోట తప్పేది మనిషే," అన్నారు.

బాపు ఉలిక్కిపడి వంగి చూశాడు. చిన్నప్పటినుంచి చూస్తున్న చీరలో ఆయనకు అది ఎన్నడూ కనబడలేదు. అవ్వ ఆ ముసలాయన ముఖంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. భుజాలు ఊగిపోయాయి, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "నలభై ఏండ్లాయె. నేసినాయనకే దొరకలే, నీకు దొరికింది," అంది. "ఆ దినం మా ఆయనతోని కొట్లాడిన. ఆ కోపంల చెయ్యి ఒకపాలి ఎక్కువ తిరిగింది. ఇప్పితే మల్ల మొదటికి వస్తదని ఎవరికీ చెప్పలే." "ఎందుకు కొట్లాడిన్రు అమ్మా?" అని బాపు అడిగాడు. "దారిల చెప్త, కారెక్కు," అంది అవ్వ.

నేను సముద్రం అన్నాను. నలభై ఆకాశం చూసి, "మనం పోయేసరికి చీకటైతది, పోలీసోళ్లు విజిల్ గొట్టి ఎల్లగొడ్తరు తమ్మీ. పొద్దుగాల పెండ్లోళ్లకు బండి ఇయ్యాలె," అన్నాడు. మగ్గమాయన రాత్రికి ఉండిపొమ్మని చాలా చెప్పాడు. కుదరదన్నాం. ఆరు కిలోమీటర్ల రాయి పక్కనే కారు వెనక్కి తిప్పుకున్నాం. మా కుటుంబం సముద్రయాత్ర అంతటితో సమాప్తం. అవ్వ మళ్లీ కారెక్కలేదు. ఏడాదిన్నర తర్వాత, సముద్రం చూడకుండానే పోయింది. అప్పటిదాకా ఇంటికి ఎవరొచ్చినా సముద్రం సంగతి ఎత్తేది కాదు, భూతద్దం ముసలాయన సంగతే చెప్పేది. అయితే కొట్లాట ఎందుకొచ్చిందో మాత్రం బయటివాళ్లకు చెప్పేది కాదు. అది ఇంటివాళ్ల కోసం దాచిన మాట, మాకు కారులోనే చెప్పేసింది.

మా ఇంట్లో అది విన్నవాళ్లు ఎవరూ లేరు. మధ్యాహ్నమంతా మగ్గం తొక్కిన బాపు, కండెలు చుట్టిన అమ్మ ఊరు దాటకముందే నిద్రపోయారు. మెలకువగా ఉన్నది నేనొక్కణ్నే. కోపంతో నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాటల మోత పెంచి, కళ్లు మూసుకుని నిద్ర నటించాను. మధ్యలో ఒకసారి కన్ను తెరిస్తే, ముందు సీట్లో అవ్వ నావైపు తిరిగి నవ్వుతూ ఏదో చెబుతోంది. నేను మళ్లీ కన్ను మూసేశాను. ఆమె సంతోషించడానికి మూడు గంటలు కేటాయించినవాణ్ని, ఆమె దారి పొడవునా సంతోషిస్తుంటే వినలేదు. తర్వాత అడగొచ్చు కదా అంటారు. ఓడిపోయినవాడికి ఉండే పౌరుషం ఒకటుంటుంది, అది చాలాకాలం నన్ను అడగనివ్వలేదు. అడుగుదామనుకునేసరికి అడగడానికి ఆమె లేదు.

ఇప్పుడు ఉద్యోగం పాలమూరులో. ఆ తర్వాత సముద్రం చాలాసార్లు చూశాను, పది నిమిషాలకే విసుగొస్తుంది. పోయిన ఏడాది మా డ్రైవరు నలభై ఫోన్ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఆ రోజు అవ్వ ఏం చెప్పిందని అడిగాను. "మస్తు నవ్విచ్చింది తమ్మీ. నవ్వలేక ఒక్కకాడ బండి పక్కకు ఆపిన. గని ఏం చెప్పిందో యాదికొస్తలేదు. జర ఆలోచన జేసి చెప్త," అన్నాడు. ఇంతవరకు చెప్పలేదు. రెండు నెలలకోసారి నేనే ఫోన్ చేసి గుర్తుచేస్తున్నాను. ఆయన తొందరపడడు. నేనూ తొందరపెట్టడం మానేశాను.