పాముచెవుల అక్క

రేవు పక్కన రేకుల షెడ్డులో గాలి పడవల చిల్లులు మూసే ఆవిడని అందరూ పాముచెవుల అక్క అనేవారు. కాలిపంపుతో పడవలో గాలి బిగువుగా నింపి, రబ్బరుకి చెవి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా మోకాళ్ళ మీద జరుగుతూ పోయేది. వెంట్రుక దూరేంత కన్నమున్నా సన్నగా బుస వినిపించేది. అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టేది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది కాస్త ఆరాక అతుకేసి అదిమేది.

వేరేచోట్ల సబ్బునీళ్ళు పోసి బుడగలు చూస్తారు. ఆ మాటెత్తితే అక్కకి ఒళ్ళు మండేది.

"సబ్బు పోస్తే అదంతా కడిగి ఆరబెట్టేదాకా అతుకు పట్టదు. చెవుల్లేని వాళ్ళు చేసే పని అది" అనేది.

ఆవిడ తమ్ముడు చెరువులో నాచు తీస్తాడు. పొద్దస్తమానం నీళ్ళ మీదే గానీ ఈత రాదు. తోటివాళ్ళు ఏడిపిస్తే, "మా అక్క సరే అన్నాక పడవెలా మునుగుతుందిరా!" అని నవ్వేసేవాడు.

ఈమధ్య అక్కకి ఇంటిల్లిపాది మీదా కోపమే. అందరూ గొణుగుతున్నారట. నీళ్ళు మరగగానే ఈల వెయ్యాల్సిన కెటిల్లో నీళ్ళన్నీ ఇగిరిపోతే, ఈల పాడైందని దాన్ని మూలన పడేసింది. షెడ్డులో అతుకులు కత్తిరించే కూతురైతే అసలే నోట్లో నాలుక లేని పిల్ల.

ఆ రోజు పొద్దున తమ్ముడి పడవకి చెవి ఆనించి చూస్తుంటే, కూతురు వెనక నుంచి ఏదో అంది.

"గొణక్కే తల్లీ, పని చేసుకోనీ" అని కసిరి, అక్క లేచి చేతులు దులుపుకుంది. "సరే, పట్టుకుపోరా."

ఎండెక్కకముందే తమ్ముణ్ణి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. గొంతుదాకా తడిసి ఉన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పడవ ఒక పక్క పాతగుడ్డలా వేలాడుతోంది. రెండో పక్క గాలి నిలవబట్టి, దాన్ని కరుచుకుని బతికాడు.

"ముల్లు గుచ్చుకోలేదక్కా, రాయీ తగల్లేదు. కూర్చున్న చోటే కుంగిపోయింది."

అక్క గబగబా గాలి కొట్టి చెవి ఆనించింది. చప్పుడే లేదు.

"ఏమీ లేదు కదరా!"

తమ్ముడూ, కూతురూ మొహమొహాలు చూసుకున్నారు. కూతురు వెళ్ళి చేతులు కడుక్కునే సబ్బునీళ్ళ మగ్గు తెచ్చి పడవ మీద ఒంపింది. తాడు కట్టే కొక్కెం కింద, అతుకు అంచున బుడగలు పుట్టాయి. ఉబ్బాయి, చిట్లాయి, మళ్ళీ పుట్టాయి. ఇందాక అక్క చెవి పెట్టిన చోటే.

అక్క మళ్ళీ వంగింది. చెంపంతా నురగైంది. బుడగలు చెంపకి తగులుతూనే ఉన్నాయి. చెవిలో మాత్రం నిశ్శబ్దం.

"ఇది చప్పుడు చెయ్యదేమే?"

"చేస్తోందమ్మా. నాకు ఇక్కడికే వినిపిస్తోంది."

"మరి పొద్దున చెప్పవేం?"

"చెప్పానమ్మా. గొణక్కన్నావు. నీకు తెలియనిది నాకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నా."

అక్క ఆ సబ్బునీళ్ళలోనే చతికిలబడింది. కెటిల్ బాగానే ఉందన్నమాట. ఇంట్లో ఎవరూ గొణగడం లేదన్నమాట. తమ్ముడు దగ్గరికొచ్చి ఏదో అన్నాడు. కదిలే పెదాలకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

అంతలో చూపు గోడవైపు మళ్ళింది. బాగుచేసిన పడవలు ఆనించే గోడ. ఖాళీగా ఉంది. తను సరే అన్నవన్నీ ఇప్పుడు నీళ్ళ మీదే ఉన్నాయి.

"అందర్నీ ఒడ్డుకి రమ్మనవే!" అని కూతుర్ని ఒక్క తోపు తోసింది. "పరిగెత్తు! గట్టిగా పిలు!"

ఏనాడూ గొంతు పెంచని పిల్ల రేవు చివరికి పరిగెత్తి, నోరంతా తెరిచి కేక పెట్టింది.

ఆ కేక అక్కకి వినపడింది.

దూరంగా ఒక పడవ ఒడ్డువైపు తిరిగింది. మిగతావి ఇంకా తిరగలేదు.