ఏ సినిమాలోది?

ఫిల్మ్‌నగర్‌లో నేను పనిచేసిన ఆఫీసులో ఎవరు ఏ సీను చదివినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "రెఫరెన్స్ ఏంటి?" అంటే ఏ సినిమాలోంచి తెచ్చావని. కొరియాదో స్పెయిన్‌దో ఒక పేరు చెబితే అందరూ తృప్తిగా తలలూపేవారు. ఎక్కడినుంచీ తేలేదంటే మాత్రం అనుమానంగా చూసేవారు. డైరెక్టర్ దగ్గర మేం నలుగురం రైటర్లం. ముగ్గురు మగవాళ్ళు, ఆఖర్న చేరిన నేను.

నా రెఫరెన్సులన్నీ రోడ్డు మీదే ఉండేవి. మధురానగర్‌లో నా కిరాయి గది దాటితే చాలు, టిఫిన్ బండి దగ్గర, షేర్ ఆటోలో, ఎర్రగడ్డ మార్కెట్లో చెవులు రిక్కించుకుని తిరిగేదాన్ని. పక్కవాళ్ళ మాటలు చాటుగా వినడం తప్పని మా అమ్మ తిట్టేది. తప్పే కావచ్చు. నేను మానలేదు, మానను కూడా.

మా సినిమాలో ఒక సీనుంది. మొగుణ్ణి వదిలేసి వచ్చిన కూతురు ఆ సంగతి తల్లికి చెప్పాలి. ఎవరి వెర్షన్ వాళ్ళు రాసుకు రమ్మన్నారు. మిగతా ముగ్గురు రాసిన తల్లులూ గుండెలు బాదుకున్నారు. ఒకావిడైతే ఏకంగా స్పృహ తప్పి పడిపోయింది.

నేను రాసింది ఎర్రగడ్డ మార్కెట్లో నా పక్కనే జరిగింది. ఒక తల్లి చిక్కుడుకాయలు ఏరుతోంది. వెనకాల బ్యాగు పట్టుకుని నిలబడ్డ కూతురు, "అమ్మా, నేనిగ గా ఇంటికి పోను" అంది. తల్లి వెనక్కి తిరగలేదు. ఏరడం ఆపి కాసేపు చేతిలోని కాయల్నే చూసింది. తర్వాత కూరగాయలామెతో, "అర్ధకిలో అన్న గదా, కిలో చెయ్యి" అంది. అంతే. కూతురు అక్కడే ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి. అయినా సిగ్గు లేకుండా పక్కకు జరిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అది చదవగానే గదిలో నవ్వులు. "చిక్కుడుకాయల రెఫరెన్సా?" అన్నాడు సీనియర్ రైటర్. డైరెక్టర్ నవ్వలేదు.

"తల్లి ఏమీ అనదేంటమ్మా? ఎమోషన్ ఏది? అంత దెబ్బ తగిలితే మనిషనేవాడు ఏడవడా? ఒక పేజీ డైలాగ్ పెట్టి తీసుకురా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో అప్పటిదాకా వాళ్ళలాగే మాట్లాడేదాన్ని. ఆ రోజు మాత్రం నోట్లోంచి మా ఇంటి మాటే వచ్చింది.

"మీరు ఏడ్వలే గద సార్. మీ పోయిన సినిమా రిలీజైన నాడు మార్నింగ్ షో టాక్ బాలేదని ఫోన్ల చెప్పిన్రు. మీరు ఫోన్ పెట్టేసి, ఏసీ ఎవరు తగ్గించిన్రు అని మా మీద ఒర్లిన్రు. రిమోట్ మీ చేతిలనే ఉండె."

ఆయన ముఖం ఎర్రబడింది.

"అది కూడా రాసుకున్నావా?"

"రాసుకున్న సార్."

నాకు ఆ పని కావాలి. తెర మీద నా పేరు చూసుకోవాలని రెండేళ్ళుగా ఆ గదిలో కూర్చున్నాను. ఒక్క సారీ చెబితే అక్కడితో పోయేది. నలుగురి ముందూ ఆ మాట ఎత్తడం నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ చెప్పింది అబద్ధం కాదు. అందుకే సారీ చెప్పలేదు.

ఆయన నా కాగితం తీసుకుని మళ్ళీ మొదటినుంచీ చదివారు.

"సీను ఇలాగే ఉంటుంది" అన్నారు చివరికి. "నువ్వు రేపటినుంచి రానక్కర్లేదు. ఆ నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టి వెళ్ళు."

మా దగ్గర రివాజు అది. ఆ గదిలో పుట్టిందంతా డైరెక్టర్‌దే. పని మానేసినవాళ్ళు కాగితాలన్నీ అక్కడే వదిలి, నమస్కారం పెట్టి వెళ్ళేవారు. కానీ నా నోట్‌బుక్‌లోది ఆ గదిలో పుట్టింది కాదు.

"సీను ఉంచుకోండి సార్. ఇది ఇయ్య" అని దాన్ని సంచిలో వేసుకుని లేచాను. నమస్కారం కూడా పెట్టలేదు.

సినిమా విడుదలైంది. నా పేరు ఎక్కడా పడలేదు. పడకపోతే పోనీ. అంత పెద్ద తెర మీద ఆ తల్లి ఏడవలేదు.