బాయిలర్‌కు మంచి నీళ్లు, సాయిలు గడ్డానికి బోరు నీళ్లు

1993 వేసవి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో వాటర్ కెమిస్ట్‌గా పనిచేస్తున్నాను. సంగారెడ్డి శివార్లలోని పోతిరెడ్డిపల్లి నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్లేవాణ్ణి. బాయిలర్‌కు పంపే నీళ్లను పరీక్షించడం నా పని. మా బోరు నీళ్లలో సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. దాన్నే హార్డ్‌నెస్ అంటాం. ఆ నీళ్లను అలాగే కాగబెడితే బాయిలర్ గొట్టాల లోపల రాయిలాంటి పొర కడుతుంది. అందుకని సాఫ్ట్‌నర్ అనే ట్యాంకులో, రెసిన్ గుళికల మీదుగా నీళ్లను పంపి ఆ లవణాలను తీసేస్తాం. గంటగంటకూ పరీక్ష చేయాల్సిందే. ఏ కాస్త తేడా వచ్చినా వర్క్స్ మేనేజర్ స్వయంగా పరుగెత్తుకొచ్చేవారు. బాయిలర్ మీద మా కంపెనీకి అంత శ్రద్ధ.

సాయిలుది దగ్గర్లోని లక్డారం. తల్లిదండ్రులు పొలాల్లో కూలికి పోయేవాళ్లు. ఇతను రియాక్టర్ సెక్షన్‌లో హెల్పర్‌గా చేరాడు. రసాయనాలు కలిపి ఉడికించే పెద్ద పాత్రను రియాక్టర్ అంటారు. దాని మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి పీల్చకూడదు కాబట్టి, అక్కడ పనిచేసేవాళ్లు రబ్బరు అంచున్న మాస్కు పెట్టుకోవాలి. అంచు చర్మానికి గట్టిగా అతుక్కుంటేనే మాస్కు పనిచేస్తుంది. గడ్డం మాసి ఉంటే సందుల్లోంచి ఆవిరి లోపలికి వస్తుంది. అందుకే ఆ సెక్షన్‌లో రోజూ నున్నగా గడ్డం గీసుకుని రావాలని నియమం.

ఒక ఉదయం సాయిలు రియాక్టర్ దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు. డిస్పెన్సరీకి మోసుకెళితే గంట తర్వాత తేరుకున్నాడు. వారం తిరక్కముందే చేతికి చార్జిషీటు ఇచ్చారు. గడ్డం గీసుకోకుండా డ్యూటీకి వచ్చి తన ప్రాణానికీ, కంపెనీ ఆస్తికీ ప్రమాదం తెచ్చాడట. ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో రాతపూర్వకంగా చెప్పాలట. ఆ కాగితం పట్టుకుని నా ల్యాబుకు వచ్చాడు.

"సార్, ఇంగ్లీషుల ఉంది. జెర జవాబు రాసియ్యుండ్రి."

చదివి నేను కూడా కసిరాను. "మాస్కు పెట్టుకునేటోనికి గడ్డం గీసుడు మొదటి రూలు గదా సాయిలూ! ఎందుకు గీస్కోలే?"

అతను మెడకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు. దవడల కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. చీము పట్టిన పొక్కులు, వాటి మధ్య బ్లేడు గాట్లు.

"గీసినకొద్ది గిట్లయితుంది సార్. ఇంటికాడ చేతిపంపు బోరింగు నీళ్లు, ఈడ బోరు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లగ పెచ్చులు పెచ్చులయితది. బిలేడు గుంజుతది, తెగుతది. ఈ పుండ్ల మీద రబ్బరు మాస్కు పెడితే ఎట్లుంటదో మీకేమెరుక? గందుకే రెండ్రోజులు ఆపిన."

నాకేమెరుక! నిజమే, నాకు తెలియదు. ఎందుకంటే ఎనిమిదేళ్లుగా నేను గడ్డం గీసుకుంటున్నది ల్యాబులో, సాఫ్ట్‌నర్ నీళ్లతో. ఇంట్లో నురగ రావడం లేదని చేరిన కొత్తలోనే కనిపెట్టి ఆ అలవాటు చేసుకున్నాను. మిగతావాళ్లు ఏ నీళ్లతో గీసుకుంటున్నారన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫ్లాస్కు తీసుకుని వర్కర్ల వాష్‌రూమ్‌కు వెళ్లి కుళాయి నీళ్లు పట్టుకొచ్చాను. మా పరీక్షలో నీళ్లలో ఒక రంగు మందు వేస్తాం. సాఫ్ట్‌నర్ నీళ్లయితే వెంటనే నీలంగా మారతాయి. లవణాలుంటే ఎర్రగా అవుతాయి. ఆ ఎరుపు పోయి నీలం వచ్చేదాకా బ్యూరెట్ అనే సన్నని గాజు గొట్టంలోంచి ఇంకో ద్రావణం చుక్కలుగా కలపాలి. ఎంత ఎక్కువ పడితే అంత హార్డ్‌నెస్. ఆ రోజు బ్యూరెట్ ఖాళీ అయింది కానీ ఎరుపు పోలేదు. మళ్లీ నింపాల్సి వచ్చింది.

పుండ్లు కాస్త మానేదాకా సాయిలును మాస్కు పని నుంచి తప్పించమని సూపర్‌వైజర్‌ను బతిమాలాను. కాంపౌండర్ పూతమందు ఇచ్చాడు. ఐదో రోజు పొద్దున అతణ్ణి ల్యాబుకు పిలిచి సాఫ్ట్‌నర్ నీళ్లు వెచ్చజేశాను. బట్ట తడిపి కాసేపు ముఖానికి పెట్టుకోమన్నాను. తర్వాత అదే సబ్బు, అదే బ్రష్షు. రెండు చుట్లు తిప్పేసరికి నురగ పొంగింది.

"అబ్బో, గింత నురగనా!"

"నొక్కకు. రేజరు బరువుకే వెంట్రుక తెగుతది. పైనుంచి కిందికే పోనియ్యి, ఎదురు గియ్యకు. ఆఖరుకు గూడ ఈ నీళ్లతోనే కడుగు."

ఒక్క గాటు పడలేదు. అరచేత్తో దవడ నిమురుకుంటూ కిటికీలోంచి బయటి పైపులకేసి చూశాడు.

"ఈ నీళ్లు బాయిలర్‌కేనా సార్? గా రెండో పైపు యాడికి పోతది?"

"కంపెనీ గెస్ట్ హౌస్‌కు."

"ఆడ గూడ బాయిలర్ ఉందా?"

"లేదు. గీజర్ ఉంది. అది ఖరాబు గావొద్దని."

సాయిలు తువ్వాలు భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

విచారణకు అతని తరఫున సాక్షిగా వెళ్లాను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "బాయిలర్ నీళ్లు ఒక హెల్పర్ గడ్డానికి వాడారట. ఎవరి పర్మిషన్‌తో?"

ఒళ్లు మండిపోయింది. "నేను ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను సార్. నన్ను ఎవరూ అడగలేదు. హెల్పర్ వాడితేనే పర్మిషన్ కావాలా?" అని రెండు ఫ్లాస్కులు బల్ల మీద పెట్టాను. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

విచారణలో కూర్చున్న వర్క్స్ మేనేజర్ ఇంజనీరు. ఆ రంగుల అర్థం ఆయనకు చెప్పక్కర్లేదు. "ఈ ఎర్రది ఎక్కడిది?" అన్నారు.

"వర్కర్ల వాష్‌రూమ్‌ది. వీటితో గడ్డం గీసుకోలేదనే సాయిలు మీద చార్జిషీటు."

ఆయన ఆ ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత, "వాష్‌రూమ్‌కు ఒక సాఫ్ట్ వాటర్ లైన్ లాగించండి" అని లేచారు.

సాయిలు ఉద్యోగం నిలిచింది. కానీ మర్నాడు అతనికిచ్చిన ఉత్తరంలో, మొదటి తప్పుగా భావించి మానవతా దృష్టితో క్షమిస్తున్నామని రాసి ఉంది. నేను చదివి వినిపించాను. సాయిలు ముఖం ఎర్రబడింది. ఉత్తరం పట్టుకుని నేరుగా పర్సనెల్ మేనేజర్ గదికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"మాఫీ ఏంది సార్? నేనేం తప్పు జేసిన?"

"ఉద్యోగం ఉంది కదయ్యా, అది చాలదా? సంతకం పెట్టు."

"గా తప్పు అన్న మాట కొట్టెయ్యుండ్రి. అప్పుడు పెడ్త. పడిపోయింది నేను, పుండ్లు పడ్డది నాకు. మీరు నన్ను మాఫ్ జేసుడేంది?"

వాళ్లు ఆ మాట కొట్టెయ్యలేదు. అతను సంతకం పెట్టలేదు. నేను ఆ కంపెనీ వదిలే నాటికి కూడా ఆ ఉత్తరం అలాగే ఫైల్లో ఉంది.

వాష్‌రూమ్‌కు కొత్త కుళాయి మాత్రం వచ్చింది. షిఫ్టుకు ముందు దాని దగ్గర బ్రష్షులు పట్టుకుని వరసగా నిలబడే మనుషుల్ని చూసినప్పుడు సంతోషంకన్నా కోపమే వచ్చేది. ఒక పైపు ముక్కతో అయ్యే పని అది. అందుకోసం ఒక మనిషి స్పృహ తప్పి పడిపోవాలా?

తర్వాత మరో రెండు కంపెనీల్లో పనిచేశాను. రెండు చోట్లా బాయిలర్ చూడబోయే ముందు, పనివాళ్లు ముఖం కడుక్కునే కుళాయి ఎక్కడుందో అడిగి ఆ నీళ్లు పరీక్షించాను. నియమం పెట్టేవాళ్లు ఆ నియమం పాటించడానికి మనిషికి ఏమిచ్చారో ముందు చూడాలని సాయిలు దగ్గరే నేర్చుకున్నాను. ఆ రెండు చోట్లా ఆ కుళాయి నీళ్లను అంతకుముందు ఎవరూ పరీక్షించలేదు.