కృతజ్ఞతల పేజీలో లేని ఫోన్ మావ

ఫోన్ మావ పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది సుభాష్‌పల్లి నుంచి రోజూ పూలు తెచ్చే దీదీ. మొన్న గురువారం పొద్దున్న నేను వత్తులు సర్దుకుంటుంటే గేటు దగ్గరే బుట్ట దించి, “దీదీ, తోమార్ ఫోన్ దాదా ఆర్ నేయ్” అంది. ఇక లేడని. ఉద్యోగమంతా రైల్వే టెలిఫోను లైన్లు చూసిన మనిషి కబురు నాకు ఫోనులో కాక మందారపూల బుట్టతో వచ్చింది. ఆయన మా ఆడపడుచు భర్త, వరసకి నాకు అన్నయ్య. కానీ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంటులో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఫోన్ మావే కాబట్టి నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. పూజ ముగించి, అలమరలోంచి మా పాటల పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాను. కృతజ్ఞతలు అని పైన, కింద ఇరవై మందికి పైగా మనుషులు. ఆయన మాత్రం లేడు. ఎందుకు లేడో, కంప్యూటర్లు కొత్తగా వచ్చిన ఆ రోజులు చూసిన నా ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో ఉబ్బసం మనిషిని కావడంతో, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారు సాయంత్రాలు ఇంట్లోనే నాకు తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ చెప్పారు, ఎవరో పక్కన పడేసిన టైపు మిషనొకటి బాగుచేయించి నా ముందు పెట్టారు. ఆ మిషను పుణ్యమే, తొంభైల నడుమ మా గుడి కమిటీ వాళ్ళు పెళ్ళికార్డులూ వ్రతకథలూ తెలుగులో వేసుకుందామని కలకత్తాలో మూతపడ్డ ఒక ప్రెస్సు నుంచి పాత కంప్యూటరు కొని తెచ్చినప్పుడు, దాని ముందు కూర్చోగలిగిన మనిషిని నేనే అయ్యాను. గుడి వంటశాల పక్కగదిలో పెట్టారు దాన్ని. పులిహోర తాలింపు వాసనలో టైపు చేసేదాన్ని. ప్రెస్సువాళ్ళ మిషను కావడంతో దాని డిస్కు మామూలుది కాదు, స్కజీ అనే రకం. కంప్యూటరుకీ ఆ డిస్కుకీ మధ్య అడాప్టరని ఒక కార్డు ఉంటుంది. డిస్కులో దాచుకున్నది మన కంటికి కనిపించాలంటే ఆ కార్డు ఒప్పుకోవాలి. అప్పటికి నాకు తెలిసింది అంతే. అది ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఇంకా తెలియదు.

మా అత్తగారు శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సొమ్ము పాటలు. మంగళహారతులు, వ్రతం పాటలు, అమ్మవారి మేలుకొలుపులు, ఆవిడకి నూట నలభై దాకా నోటికి వచ్చు. చదువు రాదు. వర్క్‌షాపు నుంచి వచ్చాక మామగారు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ రాసిపెట్టారట. ఆయన పోయాక ఆ నోటు పుస్తకాలకి చెద పట్టింది, ఆవిడకేమో మరుపు మొదలైంది. అందుకే రెండు చలికాలాలు కూర్చుని నేను అన్నీ టైపు చేశాను, ఒక్కొక్క పాటా ఆవిడకి చదివి వినిపించి సరిచూసుకున్నాను. అన్నిటికంటే ముందు టైపు చేసింది కృతజ్ఞతల పేజీ. దండం పెట్టుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేని అలవాటు నాది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. దేవుడి పేరున్న కాగితం కాలికి తగలకూడదు, చెత్తలో వెయ్యకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, పారే నీటిలో కలపాలి. మన ఇళ్ళలో ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, అందరికీ తెలుసు. ఆఖరి పాట టైపు అయిన రోజున అత్తగారు ఆ చెదపుస్తకాలని కళ్ళకద్దుకుని, “అన్నీ నీ పెట్టిలోకి ఎల్లిపోనాయి గదే అమ్మాయ్, ఇంక ఈటిని పురుగులకి ఒగ్గీకు. ఏట్లో కలిపేసి రా” అన్నారు. పసుపు కుంకుమ పెట్టి, కొత్తగుడ్డలో చుట్టి, రిక్షాలో కాసాయి నది దాకా వెళ్ళి నీటిలో వదిలాను. ఎంత తేలిగ్గా ఇంటికొచ్చానో. ఫ్లాపీల్లోకి ఎక్కించడం మాత్రం, అచ్చుతప్పులన్నీ దిద్దాక ఒకేసారి చేద్దామని ఆపాను.

వారం తిరక్కుండా కాలబైశాఖి వచ్చింది. ఆ గాలివానలో గుడి దగ్గర పిడుగు పడి కంప్యూటరు లోపలి బోర్డూ అడాప్టరూ, డిస్కు తీగకే తగిలించి ఉన్న బొమ్మలెక్కించే స్కానరూ మాడిపోయాయి. డిస్కుకి ఏమీ కాలేదని మెకానిక్ చెబితే స్వామికి కొబ్బరికాయ కొట్టాను. కమిటీ వాళ్ళు ఇంకో బోర్డూ, పాతది దొరక్క వేరే కంపెనీ అడాప్టరూ తెప్పించారు. పాత కార్డు మీద ఏ మీట ఎటు ఉందో చూసుకుని కొత్తదాని మీద కూడా అలాగే పెట్టానని మెకానిక్ గర్వంగా చెప్పి వెళ్ళిపోయాడు.

డిస్కు కనిపించలేదు. ఆపి మళ్ళీ వేస్తే ఒకసారి దాని పేరు తెర మీద మెరిసి మాయమైంది. ఇంకోసారి మిషనే బిగుసుకుపోయింది. ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు గిట్టకరుస్తాయి. తీగ మార్చాను, డిస్కు నంబరు మార్చాను, కార్డు తీసి వేరే గాడిలో పెట్టించాను. ఒకే పూటలో నాలుగు మార్పులు చేసేదాన్ని, కాసేపు వచ్చినట్టే వచ్చి పోయేది, దేనివల్ల వచ్చిందో దేనివల్ల పోయిందో తెలిసేది కాదు. డిస్కుని తువ్వాలులో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, హౌరా లోకల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుని మూడుసార్లు కలకత్తా వెళ్ళాను. మూడు దుకాణాల వాళ్ళూ ఒకటే మాట. “ఫార్మాట్ కోరే దిన్ దీదీ, ఏక్‌దమ్ నోతున్ హోయే జాబే” అని. ఫార్మాటు చేస్తే లోపలున్నదంతా చెరిగిపోయి డిస్కు కొత్తదైపోతుందట. నాకు కొత్తది అక్కర్లేదు నాయనా, పాతదే కావాలని ఎంత చెప్పినా వాళ్ళకి నవ్వే.

ఇంటికొస్తే అత్తగారు. సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి పుస్తకం చేతిలో పెడతానని మాటిచ్చాను. రోజూ సందెదీపం పెట్టగానే, “ఏటే, పుస్తకం ఏటయినాది?” అనేవారు. మిషను బాగులేదంటే, “నీ పెట్టికన్నా మా ట్రంకుపెట్టి నయం. తాళం పోతే సుత్తెట్టి కొట్టీవోళ్ళం” అని దెప్పేవారు. ఒక సాయంత్రం, పాటలు తిరిగి రాసుకుందామా అని మెల్లగా కదిపి చూశాను. ఆవిడ మేలుకొలుపు ఎత్తుకుని మూడో చరణం దగ్గర ఆగిపోయి, చాలాసేపు గోడ వైపు చూసి, “నోట్లోనే ఉన్నాదే” అన్నారు. ఆవిడ నోట్లో కరిగిపోతున్నవి ఆ డిస్కులో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు, ఉన్న ఒక్క కాగితాన్నీ నా చేతులతో నేనే ఏట్లో కలిపాను.

అలాంటప్పుడు, డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికెళ్తున్న ఫోన్ మావ గుడి కిటికీలోంచి నన్ను చూసి లోపలికొచ్చి, సంగతంతా అడిగి విన్నాడు. కంప్యూటరు సంగతి ఆయనకి బొత్తిగా తెలియదు. కూలి పనిలో చేరి, లైన్లు లాగుతూ ఫిట్టరైన మనిషి. ఆ వెడల్పాటి తీగని వేళ్ళతో చివరి దాకా తడిమి చూసి, “సెల్లెమ్మా, ఈ లైను రెండు సివర్లా కట్టినారా?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “మా కంట్రోలు ఫోను లైనుకి సివర్న ఒక రెసిస్టెన్సు కడతాం. కట్టకపోతే ఎల్లిన మాట బంతి గోడకి తగిలినట్టు ఎనక్కొచ్చీసి, వచ్చీ మాటని గుద్దీస్తాది. ఒకపాలి ఇనబడతాది, ఒకపాలి ఇనబడదు. నీ డిస్కు సేస్తన్నది అదే గదా?”

అదే. పాత అమరికలో తీగకి ఒక కొసన డిస్కు, నడుమ అడాప్టరు, అవతలి కొసన స్కానరు ఉండేవి. స్కానరు పోవడంతో ఇప్పుడు కొసన ఉన్నది అడాప్టరే. దాని మీదేమో నడుమ ఉన్నదానికి ఉండాల్సినట్టు ఆయన చెప్పిన ఆ చివరి రెసిస్టెన్సు కట్టు తీసేసి ఉంది, మెకానిక్ పాతదాన్ని అచ్చంగా దింపాడు కదా. అడాప్టరుతో వచ్చిన చిన్నపుస్తకంలో నేను వెతికి చదివాను, ఆయన పట్టకారుతో మీట జరిపాడు. డిస్కు పేరు తెర మీద నిలబడింది. పదిసార్లు ఆపి వేసినా నిలబడింది. అప్పుడే ప్రసాదం పంచేద్దామన్నంత పొంగిపోయాను.

తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఇందులో చదవదగ్గది ఏదీ లేదు, ఫార్మాటు చెయ్యమంటారా అని మిషను కూడా ఆ దుకాణాల వాళ్ళ మాటే అడిగింది. చేతికందిన తర్వాత పోయిందే ఎక్కువ బాధ. ఆయన మళ్ళీ తీగ వైపు వంగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కమిటీ పెద్దలిద్దరు అక్కడే ఉన్నారు, వాళ్ళ ముందే, “ఇది ఫోను లైను కాదన్నయ్యా, తెలీని దాంట్లో చెయ్యి పెట్టకండి” అనేశాను. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, “ఠీక్ హై సెల్లెమ్మా” అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అలా ఎవరితోనూ మాట్లాడని దాన్ని. ఆ సాయంత్రం గుళ్ళో స్వామి ముఖం చూడలేకపోయాను.

మర్నాడు అదే వేళకి వచ్చాడు, చంకలో ఒక రూళ్ళ పుస్తకంతో. నేను క్షమాపణ మొదలెట్టబోతే, “ఆగు. ముందు దీంట్లో నిన్న ఏటి సేసినామో రాయి” అన్నాడు. వాళ్ళ పనిలో అదే పద్ధతట. లైను చెడితే ఒకసారికి ఒకటే మార్చాలి, రాసుకోవాలి, ఫలితం చూడాలి, కాకపోతే దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. “నాలుగు ఒకేపాలి మార్చీవోడు బాగుసెయ్యడు సెల్లెమ్మా, జాతకం సూస్తాడు” అన్నాడు. తెర మీద ‘ఫార్మాటు ముట్టరాదు’ అని నా చేత రాయించి కాగితం అంటించాడు. ఆ రోజు నుంచి మూడు వారాలు ఆయన డ్యూటీ దిగగానే గుడికే. అడాప్టరు లోపలి అమరికల పట్టీ తెర మీద తెప్పించి ఒక్కొక్క ఇంగ్లీషు మాటా నేను చదివి తెలుగులో చెబితే, ఆయన ఒకటి మార్పించి, చూసి, పక్కన సున్న చుట్టేవాడు. పేజీ నిండా సున్నలే. రథయాత్ర వెళ్ళిపోయింది, ఆషాఢం అయిపోవచ్చింది. సున్నలు చూసి నేను లోలోపల ఉడికిపోయేదాన్ని, ఆయన మాత్రం తిన్నగా గీత కొట్టి కింది వరసకి వెళ్ళేవాడు.

ఆ పట్టీలో అడుగున, ఒక గిగాబైటు దాటిన డిస్కులకి లెక్క వేరేగా కట్టాలా వద్దా అనే అమరిక ఒకటుంది. వద్దు అని ఉంది. అదేమిటన్నాడు. చిన్నపుస్తకం రెండుసార్లు చదివి నాకు అందినంత చెప్పాను. డిస్కులో ఏది ఎక్కడుందో అడాప్టరు ఏదో ఒక లెక్కలో నంబర్లు వేసుకుంటుంది, వేరే కంపెనీ అడాప్టరు వేరే లెక్కలో వెతకొచ్చు. ఆయన పెన్ను ఆపి, “మన క్వార్టర్లకి నంబర్లు మార్సినప్పుడు పోస్టుమేను తిరిగినట్టన్నమాట. ఇల్లు ఉన్నాది, మనిషీ ఉన్నాడు, ఉత్తరం పక్కోడింటికి పోతన్నాది” అన్నాడు. ఆ ‘వద్దు’ని ‘కట్టాలి’ అని మార్చాను. మిషను ఆపి వేశాం. వంటశాలలో సాయంత్రపు నైవేద్యం దించుతున్నారు, గంట మోగుతోంది. తెర మీద నా ఫైళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి దిగడం మొదలెట్టాయి. ఆయన పుస్తకంలో ఆ వరస పక్కన సున్న బదులు చిన్న అడ్డగీత పెట్టాడు.

“ఇంక దాని మీద ఒక్క అచ్చరం మార్సకు. ఉన్నది ఉన్నట్టు తీసీ” అన్నాడు ఫోన్ మావ. అలాగే తీశాను. ముందు ఫ్లాపీల్లోకి, వెంటనే కాగితం మీదికి, అచ్చుతప్పులతో సహా. వ్రతం ముంచుకొస్తుండటంతో ఆ కాగితాలే ప్రెస్సుకి వెళ్ళాయి. మొదటి కాగితం కృతజ్ఞతలది. పిడుగుకి ముందు టైపు చేసినది, ఎలా ఉన్నది అలా.

వరలక్ష్మీ వ్రతం నాడు పుస్తకం అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళకద్దుకుని, చదవమన్నారు. మొదటి పేజీ మొదటి నుంచి చివరి దాకా విని, “అల్లుడుగారి పేరు సదవలేదేటే?” అన్నారు. నేను బిత్తరపోయాను. “నాకు తెలీదనుకున్నావేటి? రోజూ డ్యూటీ దిగి ఇంటికెల్లకుండా గుడికాడికి ఎల్తంటే, మా అమ్మాయి వొచ్చి నా మీద ఇరుసుకు పడీది.” ఆవిడకి అంతా తెలుసు. పాటలు పోయాయా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు, నేను భయపడతానని. రెండో అచ్చులో వేస్తానత్తా అన్నాను. ఆ మాటే ఆయనకీ చెబితే, “లైన్‌మేను లైనులో ఇనబడకూడదు సెల్లెమ్మా. ఇనబడ్డాడంటే లైను పాడయినట్టే” అని నవ్వాడు.

రెండో అచ్చు రాలేదు. మరుసటి ఏడాదికి అత్తగారు పాటలే కాదు, మమ్మల్నీ మరిచిపోయారు. మేము తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకుని వచ్చేశాం, ఆడపడుచు పోయాక ఆయన సుభాష్‌పల్లిలో కూతురి దగ్గరికి చేరాడు. ఇప్పుడు నా మనవరాలు ఆ నూట నలభై పాటలూ ఒక్క నిమిషంలో ఫోనులో ఎవరికో పంపేస్తుంది. ఏ కొసన ఏది కట్టాలో ఎవరూ అడగరు. సంతోషమే. కానీ పని కాకపోతే పారేసి కొత్తది కొంటున్నారు తప్ప, సున్నల పుస్తకం చంకలో పెట్టుకుని, మాట పడి కూడా మర్నాడు అదే వేళకి వచ్చే మనిషి ఎవరికీ అవసరం లేకుండా పోయాడు.

ఆ పుస్తకం మీలో చాలామంది ఇళ్ళలో, పూజ అలమరల్లో ఉంటుంది. కృతజ్ఞతల పేజీలో ఆఖరి పేరు కింద ఒక వరసకి సరిపడా తెల్లకాగితం మిగిలి ఉంది. ఈసారి హారతి పాడుకునే ముందు, దయచేసి ఒక పెన్ను తీసుకుని, అక్కడ ఫోన్ మావ అని రాయండి.