నలభై మందికి ఎసరు

సైన్యంలో ఇరవై రెండేళ్లు వంట చేసి రిటైరైన మనిషి ఏం చేయాలి? హాయిగా కాళ్లు చాపుకుని కూర్చోవాలి. ఈ మహానుభావుడు మాత్రం అంతరిక్ష యుద్ధం మీద నవల రాయడానికి కూర్చున్నాడు.

"గ్యాస్ బండ మార్చమంటే బద్ధకం. గ్రహాలు దాటడానికి మాత్రం ముందుంటారు" అని భార్య దెప్పింది.

ఆయన చదివిన అంతరిక్ష కథల్లో సైనికులంతా ఇనుప కవచాలు తొడుక్కుని, కంట తడి పెట్టకుండా, కాంతి తుపాకులు పేల్చేవాళ్లే. వంద పేజీల యుద్ధంలో ఒక్కడికైనా ఆకలేయదు! ఆయనకు ఒళ్లు మండింది. అందుకే తన నవలలో వ్యోమనౌక వంటవాణ్ణే హీరోను చేశాడు. రాయడానికి నాలుగేళ్లు పట్టింది. ఇద్దరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. మూడో సంస్థ ఎడిటర్ ఆఫీసుకు రమ్మని కబురు పెట్టాడు.

ఆ ఎడిటర్ కళ్లజోడు నుదుటి మీదకు తోసుకున్నాడు. "బాబాయ్ గారూ, బాగా రాశారు. కానీ తుపాకీ మోత ఏదండీ? కమాండర్‌ని హీరో చేయండి, వచ్చే నెలే వేసేస్తాను."

"చేయను."

"పోనీ ఏడో అధ్యాయమైనా తీసేయండి. నౌకలో నలభై మంది. తొమ్మిది మంది పోయారు. అయినా మీవాడు నలభై మందికీ వండుతున్నాడు. అక్కడ గింజ గింజకీ లెక్కుంటుంది కదా! సైనికుడన్నవాడు అంత పొరపాటు చేస్తాడా? ఎవరు నమ్ముతారు?"

ఆయన ఏడో అధ్యాయం కాగితాల మీద చెయ్యి వేశాడు.

"నేను చేశాను. తొమ్మిది మంది పోయారని పొద్దున్నే చెప్పారు. చేతులు వింటేగా! నలభై మందికే ఎసరు పెట్టాను. మర్నాడూ అంతే. మూడు రోజులు పెట్టాను. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఉన్నవాళ్లే అడిగి మరీ రెండోసారి వడ్డించుకుని, గిన్నెలు ఖాళీ చేశారు. ఆకలై కాదు."

"మరి నాలుగో రోజు?"

"అదే రాయలేకపోయాను. ఎన్నిసార్లు చింపానో!"

ఎడిటర్ కాగితాలు సర్ది ఆయన ముందుకు జరిపాడు. "అది రాసి తెండి. ఉన్నదున్నట్టు వేస్తాను."

ఇంటికి రాగానే బల్ల ముందు కూర్చున్నాడు. "ముందు భోంచేయండి" అంది భార్య. "రాశాకే" అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా కలం కింద పెట్టలేదు. సాయంత్రానికి రెండే రెండు వాక్యాలు నిలిచాయి:

"నాలుగో రోజు వంటవాడు ముప్పై ఒక్క మందికే ఎసరు పెట్టాడు. ఆ పూట ఎవరూ రెండోసారి అడగలేదు."