ఎండ సంగతి చెప్పని మాత్రలు

కిందటేడు ఎండాకాలం, రాయచెర్లు దగ్గర సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలో ఉన్నాను. జ్వరం వస్తే డాక్టరు డాక్సీసైక్లిన్ రాశారు. పావగడ మందుల షాపులో షీటు కత్తిరించి, ఆరు మాత్రలు చేతిలో పెట్టారు. అవి మింగుతూనే పనికి పోయాను. మూడో రోజుకు ముఖం, చేతులు ఎర్రగా కమిలి బొబ్బలెక్కాయి.

"ఎండ నీకేమన్నా కొత్తనా? నాటకాలు చాలు. రేపట్నుంచి రావొద్దు" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ మందు అధికారిక లేబుల్లో ఏముందో చూపమని మా అమ్మాయి ఫోన్లో ఏఐని అడిగింది. ఎండ తగిలితే చర్మం తీవ్రంగా కమలవచ్చని అందులో ఉంది. పెట్టెలోని కాగితంతో సరిచూసుకుని డాక్టరును కలవమని కూడా అది చెప్పింది. నాకు ఆ కాగితం ఇచ్చిందెవరు? నేరుగా షాపుకు పోయాను.

"ఫోను చెప్పిందని ఈడికొచ్చి గలాటా చేస్తే ఎట్లక్కా?" అని ఓనరు నవ్వాడు.

"ఫోను మాట వద్దులేప్పా. నీ పెట్టెలో కాగితం తియ్యి."

తీశాడు. అందులోనూ అదే ఉంది.

"పావగడలో ఎండ తగలకుండా యాడ కూర్చుంటావక్కా? చెప్పి ఏం లాభం?"

"యాడ కూర్చోవాలో నేను చూసుకుంటా. చెప్పేది నీ పని!" అని బజారంతా వినేలా అరిచాను.

డాక్టరు మందు మార్చారు. షాపులో తీయించిన ఆ కాగితం తెచ్చి సూపర్‌వైజరు ముందు పెడితే పనిలోకి రానిచ్చాడు, తప్పైందని మాత్రం అనలేదు. ఎండలో బతికేవాళ్లకు ఎండ గురించి చెప్పనక్కర్లేదని ఆ సూపర్‌వైజరుకూ, షాపు ఓనరుకూ ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలియదు.

– నాగమ్మ, పావగడ తాలూకా