పక్కింట్లో పెట్టిన ప్రస్థానం

మాకు సొంత కారు లేదు. సింగపూర్‌లో కారు కొనడం మావల్ల అయ్యే పని కాదు. అందుకని రెండు నెలలకోసారి ఒకటి అద్దెకు తీసుకుని సరిహద్దు దాటి, మలేషియాలోని పాత ఊళ్లు చూసొస్తాం. మువార్, బతు పహాట్, ఇంకా మా ఆఫీసులో ఎవరూ పేరు కూడా వినని చిన్న ఊళ్లు. పాత తపాలాఫీసులన్నా, గడియార స్తంభాలన్నా, కింద కొట్టు పైన ఇల్లుగా కట్టిన మేడలన్నా నాకు పిచ్చి. గోడ మీద కట్టిన సంవత్సరం కనబడితే చాలు, కారాపమంటాను. పన్నెండేళ్ల మా అమ్మాయి "ఆల్ సేమ్ సేమ్ లా, అమ్మా" అని వెనక సీట్లో పడుకుంటుంది. మా ఆయన మాత్రం మారు మాట్లాడకుండా నడుపుతారు. దారిలో రోటీ దొరుకుతుందని ఆయన ఆశ.

పోయినేడు మా అత్తగారు అనకాపల్లి నుంచి వచ్చి, బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్‌లో రెండు నెలలున్నారు. రిటైరైన టీచరు. ఏ మాల్‌కు తీసుకెళ్లినా "బాగుంది" అని ఊరుకునేవారు. ఒక్కటే అడిగారు. ఆవిడ పుట్టకముందు వాళ్ల నాన్న అప్పట్లో మలయా అనే మలేషియా వెళ్లి, జొహోర్‌లో ఒక చిన్న స్టేషన్లో పట్టాలు మార్చే లీవర్లు లాగే పని చేశారట. ఆ స్టేషన్ చూడాలి. నేను వెతికితే దొరికింది. పక్కనే కొత్తది కట్టాక పాతదాన్ని చూడవచ్చేవాళ్ల కోసం అలాగే ఉంచారు.

మూడు శనివారాలు వెళ్దామనుకున్నాం. మూడూ నా ఆఫీసు పనితో ఆగిపోయాయి. "పర్లేదులే అమ్మాయ్, వచ్చేవారం చూద్దాం" అనేవారు ఆవిడ. ఇక మిగిలింది నాలుగో శనివారం. మర్నాడు ఆదివారం రాత్రికే ఆవిడ విమానం.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ పంచాంగం తీశారు. శనివారం పొద్దున్న వర్జ్యమట, బయల్దేరకూడదట.

"నానమ్మా, అది ఇండియా టైమా, సింగపూర్ టైమా?" అని అడిగింది మా అమ్మాయి.

"రెండున్నర గంటలు కలిపే చూశానే" అన్నారు.

దానికి విరుగుడు ప్రస్థానం. మంచి ఘడియలో మన సామానులో కొంత గడప దాటించి వేరేవాళ్ల ఇంట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. మర్నాడు ఎప్పుడు కదిలినా దోషం లేదు.

"ఉత్త సంచీ పెడితే లాభం లేదు. ప్రయాణానికి అక్కరకొచ్చేది ఏదైనా అందులో ఉండాలి" అన్నారు.

నేను ఇంట్లోంచే పని చేస్తూ కాల్‌లో ఉన్నాను. ఆవిడ చీర ఒకటి, పసుపు కొమ్ములు రెండు బ్యాగులో పెట్టాను. సరిహద్దు దాటే ప్రయాణానికి అక్కరకొచ్చేది పాస్‌పోర్టులకన్నా ఏముంటుందని మా నలుగురివీ అందులోనే వేశాను. మా వరండా చివరి ఫ్లాట్‌లో ఉండే తమిళ ఆంటీ ఆ బ్యాగు తీసుకుని, ఏమీ అడక్కుండా తన దేవుడి గదిలో పెట్టుకుంది.

శనివారం ఆరింటికి ఆంటీ తలుపు కొట్టాం. పలకలేదు. ఫోను చేస్తే లోపలే మోగింది. ఆ చప్పుడికి పక్క ఫ్లాటాయన బయటికొచ్చి, ఆంటీ ఇందాకే టోవా పాయోలో కూతురింటికి వెళ్లిందని చెప్పాడు. కూతురి నంబరు ఎవరి దగ్గరా లేదు. తలుపుకి అవతల మా పాస్‌పోర్టులు, ఇవతల మేము. ఆంటీ వచ్చేసరికి పన్నెండు దాటింది.

శనివారం మధ్యాహ్నం సముద్రం మీదుగా మలేషియాకు దాటించే కాజ్‌వే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కార్లు అంగుళం అంగుళం జరుగుతున్నాయి. స్టేషన్ అయిదింటికి మూసేస్తారు. రెండయింది, మూడయింది. నా నోరు ఊరుకోలేదు.

"ఈ రోజుల్లో ప్రస్థానాలేంటి అత్తయ్యా? హాయిగా ఆరింటికే వెళ్లిపోయేవాళ్లం. మీ వర్జ్యం వల్లే ఇదంతా."

పాస్‌పోర్టులు బ్యాగులో వేసింది నేనే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే గొంతు ఇంకా పెరిగింది. మా ఆయన "ఇక చాలు" అన్నారు. అత్తగారు కారు పక్కనుంచి దూసుకుపోతున్న మోటారు సైకిళ్లను చూస్తూ కూర్చున్నారు.

చేరేసరికి అయిదుంపావు. చిన్న స్టేషన్, చెక్క స్తంభాలు, పెంకుల కప్పు. తలుపుకి తాళం. మళ్లీ ఆదివారం తొమ్మిదింటికి తీస్తామని బోర్డు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దానికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని లోపలికి చూశారు. చీకట్లో లీవర్ల వరస లీలగా కనబడుతోంది. నేను పక్కన నిలబడి, ఊరుకోవచ్చు కదా, మళ్లీ అన్నాను.

"నిన్న ఆ బ్యాగు పెట్టకపోతే ఈపాటికి అన్నీ చూసేసేవాళ్లం."

ఆవిడ అద్దం మీంచి చేతులు తియ్యకుండానే జవాబిచ్చారు.

"పెట్టకపోతే అసలు వచ్చేవాళ్లమేటమ్మాయ్? మూడు వారాలూ నీ ఆఫీసు ఆపేసింది. బ్యాగు గడప దాటితే ఇక నువ్వు కూడా మానలేవని పెట్టించాను. వర్జ్యం గిర్జ్యం ఏటీ లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఆదివారం కూడా నాకు ఆఫీసు పనుంది. ఫోను తీసి, రానని మేనేజరుకి రాశాను. ఇంత సులువైన పని నేను మూడు వారాల్లో ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఈ రాత్రికి ఈ ఊళ్లోనే ఉందామని మా ఆయనతో అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. తిరుగు దారిలో కూడా ఇలాగే ఇరుక్కుంటే విమానం పోతుంది. పొద్దున్న చూసిన వెంటనే బయల్దేరిపోవాలని షరతు పెట్టి సరేనన్నారు. బజారులో పళ్లు తోముకునే బ్రష్షులు నాలుగు కొనుక్కుని, ఒక కొట్టు పైనున్న లాడ్జిలో దిగాం.

ఆదివారం తొమ్మిదింటికి ఒక మలయ్ ఆవిడ వచ్చి తాళం తీసింది. మా ఆయన విషయం చెబితే, తాడు కట్టిన చోటు దాటి లోపలికి వెళ్లనిచ్చింది. అత్తగారు మొదటి లీవరు పిడిని రెండు చేతులా పట్టుకున్నారు. లాగలేదు. రెండోది పట్టుకున్నారు, మూడోది పట్టుకున్నారు. ఏది వాళ్ల నాన్నదో తెలియదు కాబట్టి అన్నీ పట్టుకుని చూశారు. మా అమ్మాయి ఈసారి కార్లో పడుకోకుండా ఆవిడ వెనకే నడిచింది. మా ఆయన వచ్చి టైమైందన్నారు. గడియారం చూసుకున్నాను. లోపల ఉన్నది పదిహేను నిమిషాలు. మూడు వారాలపాటు నేను ఖాళీ లేదన్నది ఆ పదిహేను నిమిషాలకే.